పదకొండో ప్రశ్న

సర్వే బస,
జూన్ 9

బైండరు గారికి,

చేరాను. బస్సు దిగేసరికి ఒళ్ళు హూనమైంది గానీ ప్రాణానికేం ఢోకా లేదు. బస అంటే ఏదో అనుకునేరు, మూతపడ్డ గోదాములో రెండు గదులు. నా గదికి ఒకే కిటికీ, ఆ కిటికీకి ఒకే రెక్క. రెండో రెక్క ఊడి ఎవరి నెత్తిన పడిందో, ఆ లెక్క కూడా మా సర్వేలోనే తేలాలి.

మీరు అడిగినా అడక్కపోయినా నా పని గురించి చెప్తాను. ఇంటింటికీ వెళ్ళి "గడిచిన ఏడాదిలో ఈ ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని అడగాలి. పడటం, తెగటం, కాలటం, మునగటం, ఏదైనా సరే. ఉందంటే ఫారం తీసి పద్నాలుగు ప్రశ్నలు వేయాలి. ఊరు హడావుడిగా పెరుగుతోంది. ఎటు చూసినా సగం కట్టిన మేడలు, పిట్టగోడలు లేని డాబాలు, మూతల్లేని గుంటలు. ఇక దెబ్బలకేం కొదవ అనుకున్నానా, మొదటిరోజు పన్నెండు ఇళ్ళు తిరిగితే తొమ్మిదింట్లో "మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదమ్మా" అన్నారు. అందులో ఒకాయన ఆ మాట చేతికర్ర మీద ఆనుకుని మరీ చెప్పాడు.

"మరి ఆ కాలేంటండీ?" అన్నాను.

"ఇదా? ఇది దెబ్బ కాదమ్మా, నిచ్చెన మీంచి పడ్డాను" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మా పెద్ద మేడం మాత్రం నవ్వలేదు. "దెబ్బలు ఊరికే తగలవు. వాటికీ వేళలుంటాయి, చోట్లుంటాయి. అవి పట్టుకుంటే సగం ఆపొచ్చు" అంటుంది. కష్టమంతా పదకొండో ప్రశ్నతోనే ఉందట. చిన్నపిల్లలకు దెబ్బ తగిలిన ఇళ్ళలోనే అది అడగాలి. "ఆ సమయంలో దగ్గరున్న పెద్దవాళ్ళు ఏం చేస్తున్నారు?" అప్పటిదాకా గడగడా చెప్పినవాళ్ళు అక్కడికొచ్చేసరికి నీళ్ళు నములుతారట. రేపటి నుంచి చూడాలి.

పెళ్ళైన ఎనిమిదేళ్ళకు నాదంటూ ఒక పని దొరికింది. "నువ్వు వెళ్ళు, పిడుగును నేను చూసుకుంటాను" అని మీరన్నారు చూశారూ, ఆ మాట పట్టుకునే బస్సెక్కాను. మూడున్నరేళ్ళ పిల్లని వదిలిపెట్టి వచ్చినదాన్ని ఎవరేమన్నా నాకు లెక్కలేదు. నవంబరు దాకా ఓపిక పట్టండి.

అనుకున్నది మరిచిపోకండి. మీ ఉత్తరం కవరు మూత పిడుగు చేతే అంటించాలి. మీ జిగురు గిన్నెలో దాని వేలు ముంచి, మూత మీద పూయించి, పైన ఒక ముద్ర కూడా వేయించండి. ఉత్తరం తర్వాత చదువుతాను, ముందు ఆ ముద్ర చూసుకుంటాను.

మీ
నేను

*

ఇల్లు,
జూన్ 16

సర్వే అమ్మగారికి,

మీ ఇంట్లో దెబ్బలేమైనా తగిలాయా అని అడిగితే మేం కూడా లేవనే చెప్తాం. నా చిటికెనవేలికి దబ్బనం దిగింది గానీ, అది దెబ్బ కాదు, బైండింగు.

పిడుగు ఇల్లు పీకి పందిరి వేస్తోంది. ముందుగదిలో కుట్టడానికి పెట్టుకున్న పుస్తకాలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూస్తోంది. ఎందుకే అంటే, "అమ్మ ఇందులో ఉందా?" అంటోంది. నువ్వు కాయితాల పని మీద వెళ్ళావని చెప్పాను కదా, కాయితాల్లోకే వెళ్ళావనుకుంది. బడివాళ్ళ లెక్కల పుస్తకంలో వెతికి వెతికి, "ఇందులో లేదు నాన్నా, అన్నీ అంకెలే" అని మూసేసింది.

నా రోజు నీకు తెలియందేముంది? పొద్దున కుట్టు, మధ్యాహ్నం అట్టలు. సాయంత్రం మైదా ఉడికించి మర్నాటికి జిగురు కాచుకోవడం. టపా మనిషి ఐదింటికి వస్తాడు. నీ ఉత్తరం వస్తే గడప మీద కూర్చుని దానికి గట్టిగా చదివి వినిపిస్తాను. నిచ్చెన మనిషి దగ్గర పడీ పడీ నవ్వింది. ఏం అర్థమైందో దానికే తెలియాలి.

నువ్వు లేకపోతే ఇల్లు ఎలా ఉందో రాయమంటే రాయలేను. నాకు కుట్టడం వచ్చు, రాయడం రాదు. రెండో కంచం కూడా కడిగి పెట్టేస్తున్నాను రోజూ, అలవాటు పోక.

ముద్ర చూసుకో. వేలు నాకేసింది, రెండుసార్లు వేయించాల్సి వచ్చింది.

నీ
బైండరు

*

సర్వే బస,
జూలై 2

బైండరు గారికి,

ముద్ర అందింది. చూపుడువేలు, కాస్త పక్కకు జారింది. దాని మీద నా వేలు పెట్టి చూసుకున్నాను, నా గోరంత లేదు. నా పక్క మంచం అమ్మాయి "ఉత్తరం చదవకుండా కవరు చూస్తూ కూర్చున్నావేంటక్కా?" అంది. చదివేది అదేనని చెప్పాను.

కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరుగుతున్నాను. ఈ మూడు వారాల్లో కాలిన పిల్లలవి పదిహేడు ఫారాలయ్యాయి. ఆదివారం అన్నీ నేలమీద పరుచుకుని కూర్చున్నాం. పదిహేడు ఇళ్ళూ ఒకదానికొకటి తెలియని ఇళ్ళు. కానీ పద్నాలుగు ఇళ్ళలో సాయంత్రం ఐదుకీ ఏడుకీ మధ్యే జరిగింది. ఆ వేళకు పిల్లలకు ఆకలి, పెద్దవాళ్ళకు అలసట. ఒక్క మనిషే రెండు పనులు చేస్తుంటారు, స్టవ్వు మీద ఏదో ఒకటి ఉడుకుతుంటుంది. ఆ స్టవ్వు నేలమీద ఉంటుంది. పెద్దవాళ్ళ మోకాలెత్తు అంటే పిల్లల గుండెత్తు అని అప్పటిదాకా నాకూ తట్టలేదు.

ఒకామె మిషను కుట్టుకుంటుంది. కొడుకు భుజం నుంచి మోచేతి దాకా మచ్చ. పదకొండో ప్రశ్న అడిగాను. "దగ్గరే ఉన్నా" అంది. మేడం నేర్పినట్టు ఫారం మడిచి పక్కన పెట్టి, మంచినీళ్ళు అడిగి తాగి, ఊరుకున్నాను. చాలాసేపటికి అంది, "సూదిలో దారం ఎక్కిస్తున్నానమ్మా. అంతే. దారం ఎక్కించేంత సేపే." పది నెలల నుంచి ఆ మాట కట్టుకున్న మొగుడితో కూడా చెప్పలేదట. చెప్పాక గోడకు జారబడి కూర్చుంది. నిందించడానికి అడగడం లేదని వెయ్యిసార్లు చెప్పినా, ఆ ప్రశ్న వినేవాళ్ళకు నిందలాగే ఉంటుంది.

ఇదంతా ఎందుకు రాశానో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మీ స్టవ్వు ఎక్కడుంది? నేలమీద. జిగురు ఎప్పుడు కాస్తారు? సాయంత్రం. ఇంట్లో పెద్దవాళ్ళు ఎంతమంది? ఒక్కరే, అదీ మీరు! చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తున్నాను, రెండు చెక్కలు కొట్టించి స్టవ్వును మీ నడుమెత్తుకు ఎక్కించండి. రేపు కాదు, ఈ ఉత్తరం మడిచిన వెంటనే.

మీ
నేను

*

ఇల్లు,
జూలై 10

సర్వే అమ్మగారికి,

ఆజ్ఞ శిరసావహించాను. వడ్రంగి దగ్గరికి వెళ్ళి రెండు మంచి పలకలు కోయించి తెచ్చాను, గోడకు కొట్టడానికి మేకులతో సహా. చూస్తే నువ్వు కూడా మెచ్చుకుంటావు, ఎక్కడా ముడి లేని చెక్క.

అయితే ఒక చిన్న సంగతి. బడివాళ్ళ హాజరు పుస్తకాలు నూట ఇరవై ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అంటించినవాటిని అణిచి పెట్టడానికి నా దగ్గరున్న పలకలు చాలలేదు. ఈ రెండూ సరిగ్గా అంత కొలతే ఉన్నాయి. వాటి మధ్య పెట్టి పైన రాయి ఎత్తాను. వారంలో ఆరిపోతాయి, తీసి గోడకు కొట్టేస్తాను. కోప్పడకు. అప్పటిదాకా పిడుగును కంటికి రెప్పలా చూసుకుంటానులే.

దాని మాటలు ఈమధ్య బాగా పెరిగాయి. నిన్న టపా మనిషిని నిలదీసింది, "మా అమ్మని సంచీలో పెట్టుకుని తిరుగుతున్నావా?" అని. పాపం ఆయన సంచీ బోర్లించి చూపించాల్సి వచ్చింది. కవరు అంటించడం ఇప్పుడు పూర్తిగా దాని పనే. నేను గిన్నె ముట్టుకుంటే ఒప్పుకోదు. "అమ్మకి నేనే" అంటుంది. గిన్నె కనిపిస్తే చాలు, వేలు రెడీ.

సాయంత్రం ఐదయ్యేసరికి ఇద్దరం కళ్ళల్లో వత్తులు వేసుకుని గడప మీద కూర్చుంటున్నాం. నీ ఉత్తరం రాని రోజు దానికి ఏదో ఒకటి కల్పించి చదువుతాను. నీలాగా రాయడం చేతకాదు గానీ, నీలాగా కోప్పడటం బాగానే వస్తోంది.

నీ
బైండరు

*

సర్వే బస,
జూలై 19

ఏమండీ,

ఈ ఉత్తరం ముందు మీరొక్కరే చదువుకోండి. పిడుగుకు వినిపించాల్సింది వెనక పేజీలో వేరేగా రాశాను.

పలకల సంగతి చదివి కోపమొచ్చింది. కానీ ఇవాళ కోప్పడే ఓపిక లేదు. ఇవాళ ఒకటి జరిగింది. పోస్టాఫీసులో బల్ల మీద జిగురు డబ్బా ఉంటుంది కదా, ఎవరో దాని మూత తీశారు. ఆ పులిసిన మైదా వాసన ముక్కుకు తగిలింది. అంతే, నేను ఎక్కడున్నానో మరిచిపోయాను. మీ చొక్కా వాసన అది. ఎనిమిదేళ్ళ నుంచి దాన్ని ఉతికి ఉతికి పోగొట్టాలని చూశానే, ఇవాళ ఆ డబ్బా దగ్గర నిలబడిపోయాను. వెనక వరసలో మనిషి "కదలండమ్మా" అనేదాకా కదల్లేదు.

పగలంతా పరాయి ఇళ్ళల్లో కూర్చుని వాళ్ళ కష్టాలు రాస్తాను. అప్పుడేమీ అనిపించదు. బసకు వచ్చి చెప్పులు విప్పగానే మొదలవుతుంది. మీరు దారం పళ్ళ మధ్య పెట్టుకుని "ఊఁ, ఊఁ" అంటూ నా మాట వింటారు చూశారా, అది కావాలనిపిస్తుంది. పూర్తిగా విన్నారో లేదో ఎప్పుడూ తెలిసేది కాదు. ఇప్పుడు ఇంత రాస్తుంటే ఆ "ఊఁ" ఒక్కటి తక్కువైంది. మీ వీపు మీద చెవి ఆనించి పడుకోవాలని ఉంది. సిగ్గు లేకుండా రాస్తున్నాను. మీరు దగ్గరుంటే ఈ మాటలు ఈ జన్మలో అనేదాన్ని కాదు.

మీరు ఒక్కసారైనా రమ్మని రాస్తారేమోనని ప్రతి ఉత్తరంలో వెతుకుతాను. రాయొద్దు. రాస్తే వచ్చేస్తాను.

మీ
నేను

*

ఇల్లు,
జూలై 26

ఇది పోస్టులో వేయను. వేయనని తెలిసే రాస్తున్నాను.

మొన్న సాయంత్రం పిడుగు చెయ్యి కాలింది. కుడి చెయ్యి, వేళ్ళ నుంచి మణికట్టు దాకా. స్టవ్వు మీద ఉడుకుతున్న జిగురు గిన్నెలో పెట్టింది. నీళ్ళైతే జారిపోయేవి. జిగురు పట్టుకుని వదల్లేదు. కుండలో నీళ్ళన్నీ దాని చేతి మీద కుమ్మరించి, ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. చెప్పుల్లేవు నాకు. దారి పొడుగునా అది ఒకటే మాట ఏడ్చింది, "నాన్నా తీసెయ్, నాన్నా తీసెయ్" అని. జిగురు తీసెయ్యమని.

ప్రాణభయం లేదన్నారు. రోజూ కట్టు మార్చాలి. వేళ్ళు ముడుచుకుపోకుండా చూడాలట. కట్టు కట్టే నర్సు అడిగింది, "అప్పుడు మీరేం చేస్తున్నారు?" అని. నీ ప్రశ్న ఈ ఊరికి కూడా వచ్చేసింది. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడ్డాను.

టెలిగ్రాం ఇద్దామని రెండుసార్లు వెళ్ళి తిరిగొచ్చాను. తెలిస్తే రెక్కలు కట్టుకుని వాలతావు. ఎనిమిదేళ్ళకు దొరికిన పని నా మూలంగా పోతుంది. ఇలా అనుకుని నన్ను నేను సమాధానపరుచుకుంటున్నాను. అసలు కారణం ఇది కాదు. నేనేం చేస్తున్నానో నీకు చెప్పాల్సి వస్తుంది. అది ఎవరికైనా చెప్పగలనేమో గానీ, నీకు చెప్పలేను.

పలకలు ఇంకా పుస్తకాల కిందే ఉన్నాయి.

*

ఇల్లు,
జూలై 27

సర్వే అమ్మగారికి,

ఇక్కడంతా క్షేమం. వానలు పట్టుకున్నాయి. అట్టలు ఆరడం లేదు, అంతకుమించి కష్టాలేవీ లేవు.

స్టవ్వును గోడకు ఎక్కించాను. పలకలు బాగా కుదిరాయి. సంతోషమేనా?

నీ ఉత్తరం చదివాను. ఏం రాయాలో తెలియడం లేదు. నాకు కుట్టడమే వచ్చునని చెప్పాను కదా.

పిడుగు నిద్రపోయింది, అందుకే కవరు నేనే అంటించాను. లేపితే ఊరుకోదు. వచ్చేసారి వేయిస్తాను ముద్ర.

నీ
బైండరు

*

సర్వే బస,
ఆగస్టు 3

ఏమండీ,

నేను మూడు పేజీలు రాస్తే మీరు పన్నెండు వాక్యాలు రాశారా! లెక్కపెట్టాను, మరి ఇక్కడ నా పనే అది. ఒళ్ళు బాగుందా? నేను అలా రాసినందుకు మీకు నచ్చలేదా? చెప్పండి, సిగ్గుపడతాను, ఊరుకుంటాను. అంతేగానీ ఇలా బిగుసుకుపోకండి.

ముద్ర లేని కవరు వచ్చిన రోజంతా నాకు పని సాగలేదు. ఐదింటికి వచ్చే టపా మనిషికే కవరు ఇచ్చే ఇంట్లో, పిడుగు సాయంత్రం పూట నిద్రపోయిందా? అది పగలు కునుకు తీసి ఎరగదే? వానలని జ్వరం ఏమైనా వచ్చిందా? వస్తే దాచకండి. మీరు దాస్తే నేను కనిపెట్టేస్తాను. ఈ రెండు నెలల్లో నూటపాతిక ఇళ్ళల్లో "ఏమీ కాలేదమ్మా" అనే మాట విన్నాను. ఆ మాట ఎలా ఉంటుందో నాకిప్పుడు బాగా తెలుసు.

వచ్చే ఉత్తరానికి ముద్ర ఉండాలి. దానికోసమే కాచుకుని కూర్చుంటాను.

మీ
నేను

*

ఇల్లు,
ఆగస్టు 9

నీకు,

జ్వరమూ లేదు, గిరమూ లేదు. నువ్వు ఊరికే బెంగపడకు. నువ్వు రాసింది నచ్చకపోవడమేంటి? ఆ ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉంది. మడతల దగ్గర చిరిగితే సన్నకాగితం అంటించాను.

పిడుగు ఆడుకుంటోంది. అమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతోంది. నేను కూడా ఎప్పుడొస్తుందనే అడుగుతున్నాను, కానీ ఎవరిని అడగాలో తెలియడం లేదు.

ముద్ర వేయించాను, చూసుకో.

నీ
బైండరు

*

సర్వే బస,
ఆగస్టు 16

ఏమండీ,

ఈ వేలు మీది.

చిటికెనవేలి కొస ఆనించి, చిన్నదిగా కనిపించాలని ఎంత పాటుపడ్డారో! నన్నెవరనుకున్నారు? సంతకం రానివాళ్ళ ఫారాలకు రోజూ ముద్రలు వేయించుకుంటున్నాను. పిల్లల ముద్ర ఏదో పెద్దల ముద్ర ఏదో నాకు తెలీదా? పైగా ఆ వేలి మీద దబ్బనం గాటు కూడా అలాగే పడింది. చూడగానే అరికాలి మంట నెత్తికెక్కింది. నా దగ్గర ఉన్నదల్లా ఆ ముద్రలే. దాన్ని కూడా దొంగది చేసి పంపిస్తారా?

పిడుగుకు ఏమైంది? బతికుందా?

సంచీ సర్దుకుని బస్టాండుకు వెళ్ళాను. ఏరు పొంగి వంతెన ఒక పక్క కుంగింది. మనుషులను దాటనివ్వడం లేదు. టపా సంచులు మాత్రం తాడుకు కట్టి అవతలికి లాగుతున్నారు. బాగుచేయడానికి పది రోజులు పడుతుందట. ఆ సంచీలో నన్నూ కట్టి లాగెయ్యమని అడిగాను, నిజంగానే అడిగాను. వాళ్ళు నవ్వారు.

అందుకని దీనితో ఒక ఖాళీ ఫారం పెడుతున్నాను. మీకు రాయడం రాదన్నారుగా, ఉత్తరం రాయొద్దు. అడిగినదానికి జవాబులు నింపండి చాలు. పదకొండోది వదిలేశారో, మళ్ళీ మీ మొహం చూడను.

నేను

*

ఇల్లు,
ఆగస్టు 21

దెబ్బ తగిలినవారు: మన పిడుగు. బతికుంది. బాగుంది. ఇప్పుడు నా పక్కనే కూర్చుని ఎడమచేత్తో అట్టముక్క చింపుతోంది. ఇది మొదటి ప్రశ్న కాకపోయినా ముందు రాస్తున్నాను.

ఎప్పుడు: జూలై 24, సాయంత్రం ఐదున్నర. నీ పద్నాలుగు ఇళ్ళల్లాగే.

ఎక్కడ: ముందుగదిలో. స్టవ్వు నేలమీదే ఉంది. గోడకు ఎక్కించానని రాసింది అబద్ధం.

ఏ భాగానికి, దేనివల్ల: కుడి చెయ్యి, మణికట్టు దాకా. ఉడుకుతున్న జిగురు.

ఎలా జరిగింది: గిన్నెలో వేలు ముంచాలని దానికి నేర్పింది నేను. చల్లారిన గిన్నెలోనే ముంచాలని నేర్పలేదు. నేను ఇచ్చినప్పుడల్లా అది చల్లగానే ఉండేది. గిన్నెల్లో వేడిది కూడా ఉంటుందని దానికేం తెలుసు?

పదకొండు. ఆ సమయంలో దగ్గరున్న పెద్దవాళ్ళు ఏం చేస్తున్నారు:

దగ్గరే ఉన్నాను. నాలుగడుగులు. నీ కుట్టుమిషను ఆమెలాగే నేను కూడా ముందు ఇదే రాశాను చూడు.

గడప మీద కూర్చుని ఉత్తరం చదువుతున్నాను. జూలై 19 నాటిది. ముందు మీరొక్కరే చదువుకోండి అని రాశావు, అందుకని పిడుగును లోపల ఆడుకోమన్నాను. చదవడం అయిపోయింది. అప్పుడు లేవాల్సింది. అది లోపలి నుంచి "నాన్నా, అమ్మకి కవరు అంటిద్దామా?" అంది. "ఉండమ్మా" అన్నాను. మళ్ళీ పిలిచింది. మళ్ళీ "ఉండు" అన్నాను. మూడోసారి పిలవలేదు. తనే అంటిద్దామనుకుంది.

నేను ఆ ఉత్తరం రెండోసారి చదువుతున్నాను.

పద్నాలుగు. మళ్ళీ జరగకుండా ఏం చేశారు: జూలై 28న బడి పుస్తకాలు తీసి పక్కన పడేసి, పలకలు గోడకు కొట్టాను. ఇది నిజం. స్టవ్వు నా నడుమెత్తున ఉంది. మైదాముద్ద చల్లటిది దాని చేతికిచ్చి రోజుకు నాలుగుసార్లు పిసికిస్తున్నాను. నాలుగు వేళ్ళు బాగా ముడుస్తోంది. చూపుడువేలు ఇంకా పూర్తిగా రావడం లేదు. వస్తుందన్నారు.

నీ ఫారంలో అడగనిది ఒకటి ఉంది. నువ్వు రమ్మని రాయొద్దన్నావు. రా.

*

సర్వే బస,
సెప్టెంబరు 14

పిడుగు నాన్నగారికి,

కవరు మీద పెద్ద అక్షరాలతో రాసింది చూశారా? "స్టవ్వు ఆర్పి విప్పండి" అని. ఆర్పారా? సరే, అయితే పిడుగును ఒళ్ళో కూర్చోబెట్టుకుని గట్టిగా చదవండి. ఇందులో దాని చెవిన పడకూడనిది ఏమీ లేదు.

క్షేమంగా చేరాను. వంతెన మీద బస్సును ఖాళీగా పోనిచ్చి, మమ్మల్ని వెనక నడిపించారు.

ఇంట్లో ఉన్న పది రోజులూ ఆ ఫారం మాట ఇద్దరం ఎత్తలేదు. మీరు నా కళ్ళల్లోకి చూడలేదు. మిమ్మల్ని తిట్టాలని దారంతా మాటలు కూర్చుకుని వచ్చాను. గడపలో దాని చేతిని మీ చేతిలో పెట్టుకుని, మైదాముద్దతో "ఒకటి, రెండు" అంటూ పిసికిస్తున్న మిమ్మల్ని చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. అలాగని కోపం పోయిందనుకోకండి. దెబ్బ తగిలినందుకు కోపం లేదు. నాకు చెప్పకుండా నాలుగు వారాలు ఆ ఏడుపు మీరొక్కరే విన్నందుకు ఉంది. అది కొన్నాళ్ళుంటుంది. ఉండనివ్వండి.

ఫారం మేడంకు చూపించాను. మన ఇల్లు సర్వే హద్దులో లేదు కాబట్టి లెక్కలోకి రాదంది. కానీ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పదకొండుకు ఇంత నిజమైన జవాబు ఇంతవరకు రాలేదు" అంది. రేపటి నుంచి వేడి వస్తువులున్న ప్రతి ఇంట్లో, గిన్నెతో పిల్లలకు ఏ ఆట నేర్పారని కూడా అడుగుతాం. ఆ ప్రశ్న మన పిడుగుది.

ఇక పదకొండో ప్రశ్న నాకు. దగ్గరున్నవాళ్ళనే అడగాలని ఫారంలో ఉంది గానీ, దూరాన ఉన్నదాన్ని నేనూ జవాబు చెప్పాలి. ఆ వేళకు మిమ్మల్ని గడప మీద కూర్చోబెట్టింది నా ఉత్తరం. కవరుకు దాని వేలే కావాలన్నది నేను. నిందించడానికి అడగడం లేదని వెయ్యి ఇళ్ళల్లో చెప్పొచ్చినదాన్ని, మన ఇంట్లో మాత్రం నింద పంచుకుందాం అంటే నాకే నవ్వొస్తోంది. వద్దు. ఇద్దరం ఒకరినొకరం చూడాలని మొహం వాచిపోయి ఉన్నాం. అంతే జరిగింది.

పని మానేయమని మీ నోట్లోంచి వస్తుందని పది రోజులూ ఎదురు చూశాను. రాలేదు. ఉండిపోదామని నాకూ అనిపించింది. చివరికి బస్సెక్కాను. దాన్ని మళ్ళీ మీ దగ్గరే, మీ ఒక్కరి దగ్గరే వదిలి వచ్చాను. మీరు నా కళ్ళల్లోకి చూడకపోతే పోయారు, ఈ ఒక్కటీ చూడండి.

ఇక్కడికొచ్చి సంచీ విప్పితే బట్టల అడుగున ఒక కవరు ఉంది. లోపల ఏమీ లేదు, మూత మాత్రం గట్టిగా అంటించి ఉంది. మూత నిండా ఐదు వేళ్ళూ ఉన్నాయి. చూపుడువేలి దగ్గర గీతలు లేవు, నున్నగా ఉంది. పిడుగూ, వింటున్నావా? నీ ఉత్తరం అందిందే. చాలా బాగా రాశావు.

ఏమండీ, ఈ ఉత్తరంలో రెండోసారి చదువుకోవాల్సిన మాటలు ఒక్కటీ రాయలేదు. వెతక్కండి. అవన్నీ నా దగ్గరే దాచుకున్నాను. నవంబరు ఇరవై ఆరున వస్తాను. జిగురు గిన్నె పైన పెట్టి, స్టవ్వు ఆర్పి, పిడుగును నిద్రపుచ్చి రండి. ఒక్కొక్కటే చెవిలో చెప్తాను. మీరు "ఊఁ" అంటే చాలు.

మీ
నేను